తేలికైన బ్యాటరీ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

కారు బరువు తగ్గించాలని మొదలుపెట్టినవాళ్ల చూపు ముందుగా వెనక సీటు మీద పడుతుంది, ఆ వెంటనే బ్యాటరీ మీద. మామూలు 60 ఆంపియర్-అవర్ (ఏహెచ్) లెడ్ యాసిడ్ బ్యాటరీ 15 నుంచి 18 కిలోలు తూగుతుంది. దాని స్థానంలో అమ్మే లిథియం బ్యాటరీ నాలుగైదు కిలోలే ఉంటుంది. పాతది విప్పి కొత్తది బిగిస్తే అరగంటలో పన్నెండు కిలోలు మాయం. ఇంత తక్కువ శ్రమతో ఇంత బరువు దిగే భాగం కారులో మరొకటి దొరకడం కష్టం. అమ్మేవాళ్లు ఇంతవరకు చెప్పి ఆగుతారు, అందులో అబద్ధమేమీ లేదు. ఆ పన్నెండు కిలోలు ఇన్నాళ్లూ ఏం పని చేశాయో, అవి పోయాక కారు ఏ పని చేయలేదో మాత్రం మనమే లెక్క వేసుకోవాలి.

మొదటి లెక్క సెల్ఫ్ కొట్టడం గురించి. మంచి కండిషన్‌లో ఉన్న పెట్రోల్ ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటారు సగటున 200 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. తొలి క్షణంలో అంతకంటే బాగా ఎక్కువ లాగి, తిరగడం మొదలయ్యాక తగ్గుతుంది. ఒక్క సెకనులో ఇంజిన్ అందుకుంటే ఖర్చయినది 200 ఆంపియర్-సెకన్లు. 3,600తో భాగిస్తే 0.056 ఆంపియర్-అవర్. 60 ఏహెచ్ బ్యాటరీలో ఇది సుమారు వెయ్యో వంతు. ఇంజిన్ తిరుగుతుండగా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ పది, పదిహేను సెకన్లలో ఆ బాకీ తీర్చేస్తుంది.

మరి మిగతా 59.9 ఎందుకు మోస్తున్నాం? కారు వాడకుండా నిలబెట్టిన రోజుల కోసం. గడ్డకట్టే చలిలో బ్యాటరీ శక్తి సగానికి పడిపోయినా సెల్ఫ్ అందుకోవడం కోసం. దారిలో ఆల్టర్నేటర్ చెడిపోతే ఇల్లు చేరడం కోసం. ఇంజిన్ ఆపాక కూడా తిరిగే ఫ్యాన్ల కోసం. అయిదేళ్లు గడిచి బ్యాటరీ నీరసించాక కూడా పని జరగడం కోసం. అంటే బ్యాటరీ బరువులో ఎక్కువ భాగం ముందు జాగ్రత్తే. తేలికైన బ్యాటరీ ఎంచుకోవడమంటే ఆ జాగ్రత్తల్లో మీ కారుకు ఏవి అక్కర్లేదో తేల్చుకోవడం. "ఇది నా ఇంజిన్‌ను తిప్పగలదా?" అని అందరూ అడుగుతారు. కాస్త పేరున్న ఏ బ్యాటరీ అయినా తిప్పుతుంది. తిప్పలన్నీ ఇంజిన్ ఆపిన తర్వాత మొదలవుతాయి.

సీసంలోనే ఒక తేలిక దారి

గాస్తోన్ ప్లాంటే 1859లో లెడ్ యాసిడ్ బ్యాటరీ తయారు చేసినప్పటి నుంచి దాని మూల రసాయనం మారలేదు. సీసం పలకలు, పలచబరిచిన సల్ఫ్యూరిక్ యాసిడ్, ఒక్కో సెల్‌కు రెండు వోల్టులకు కాస్త పైన, అలాంటివి ఆరు. బరువంతా సీసానిదే. పైగా ఆ బరువును పూర్తిగా వాడుకోలేం. సగానికి మించి పదే పదే ఖాళీ చేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుని బ్యాటరీ ఆయుష్షు పడిపోతుంది. కరెంటు ఎంత వేగంగా లాగితే దొరికే మొత్తం అంత తగ్గుతుంది. దీన్ని 1897లోనే పాయ్‌కర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. 60 ఏహెచ్ అన్న అంకె ఇరవై గంటల పాటు నిదానంగా, అంటే 3 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చేది. 200 ఆంపియర్ల చొప్పున లాగితే అందులో చాలా భాగం చేతికి రాదు.

సీసం బ్యాటరీల్లోనే ఏజీఎమ్ అనే రకంలో యాసిడ్ గాజుపీచు చాపల్లో ఇంకి ఉంటుంది. ఒలికిపోదు, పక్కకు పడుకోబెట్టి బిగించవచ్చు, అంతర్గత నిరోధం తక్కువ కాబట్టి చిన్న సైజులోనూ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇస్తుంది. ట్రాక్ కార్లలో తరచూ కనిపించే ఒడిస్సీ పీసీ680 ఇలాంటిదే. సుమారు 7 కిలోలు, 16 ఏహెచ్. పెద్ద బ్యాటరీ తీసి దీన్ని పెడితే ఎనిమిది నుంచి పది కిలోలు తగ్గుతాయి. చార్జింగ్ పద్ధతి సీసానిదే కనుక చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ గురించి ఆలోచించే పనే లేదు.

నా దృష్టిలో చాలామంది దాటేసి వెళ్లిపోయే సరైన జవాబు ఇదే. లిథియంతో 12 కిలోలు తగ్గుతాయి, చిన్న ఏజీఎమ్‌తో 9. ఆ మిగిలిన మూడు కిలోల కోసమే ఖర్చంతా, కొత్త చార్జర్ అంతా, కింద చెప్పబోయే టెన్షన్ అంతా. మూడు కిలోలంటే నాలుగు లీటర్ల పెట్రోలు. ట్యాంకు ఎంత నింపుకుని ట్రాక్ మీదకు వెళ్తున్నారో చూసుకోనివాళ్లు ఆ మూడు కిలోల కోసం నెలంతా చర్చించడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

లిథియం అంటే ఏ లిథియం?

ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉండే లిథియం వేరు, కారు స్టార్టర్ బ్యాటరీలో వాడేది వేరు. రెండోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్‌ఎఫ్‌పీ అంటారు. ఈ పదార్థం ఎలక్ట్రోడ్‌గా పనికొస్తుందని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో ప్రచురించింది. 2019 రసాయన శాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో గుడినఫ్ ఒకరు.

కార్లవాళ్లు దీన్నే పట్టుకోవడానికి కారణం వోల్టేజీ. ఎల్‌ఎఫ్‌పీ సెల్ నామినల్ వోల్టేజీ 3.2. నాలుగు వరుసగా కలిపితే 12.8. పూర్తిగా చార్జ్ చేయడానికి ఒక్కో సెల్‌కు 3.65, నాలుగింటికి 14.6. కారు ఆల్టర్నేటర్ ఇచ్చేది మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్యే. దాదాపు అతికినట్టు సరిపోయింది. అదే నికెల్, కోబాల్ట్ రకాల సెల్ అయితే పూర్తి చార్జికి 4.2 వోల్టులు కావాలి. మూడు కలిపితే 12.6, ఆల్టర్నేటర్ దెబ్బకు మాడిపోతాయి. నాలుగు కలిపితే 16.8, ఎప్పటికీ నిండవు.

రెండో కారణం నిప్పు. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాలను నేల మీద నిలిపేయించిన బ్యాటరీలు లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ రకానివి. ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది, వేడెక్కినా అంత తేలిగ్గా బయటికి రాదు. అందుకే మంట తనను తాను ఎగదోసుకునే పరిస్థితి చాలా అరుదు. అలాగని అసలు అంటుకోదని చెప్పే ప్రకటనలు నమ్మొద్దు. లోపలి ఎలక్ట్రోలైట్ మండే ద్రవమే.

కార్ల కంపెనీల్లో దీన్ని తొలిసారి ఆప్షన్‌గా ఇచ్చింది పోర్షే. 2010 మొదట్లో 911 జీటీ3, జీటీ3 ఆర్‌ఎస్, బాక్స్‌స్టర్ స్పైడర్ కార్లకు. బరువు 6 కిలోల లోపు, 60 ఏహెచ్ సీసం బ్యాటరీ కంటే 10 కిలోలకు పైగా తక్కువ. జర్మనీలో ధర పన్నుతో కలిపి 1,904 యూరోలు. ఈ ప్యాకేజీలో రెండు విషయాలు గమనించాలి. ఆ బ్యాటరీ కెపాసిటీ 18 ఏహెచ్ మాత్రమే. సీసం బ్యాటరీలో నిజంగా వాడుకోగలిగేది ఎలాగూ కొంతే కాబట్టి ఇది సరిపోతుందన్నది కంపెనీ వాదన. రెండోది మరీ ముఖ్యం: అంత డబ్బు తీసుకుని కూడా కారుతోపాటు మామూలు సీసం బ్యాటరీ ఒకటి విడిగా ఇచ్చారు. సున్నా డిగ్రీల కింద లిథియం సెల్ఫ్ కొట్టే శక్తి తగ్గుతుంది, చలికాలంలో పాతది పెట్టుకోండి అని. తయారు చేసినవాళ్లే ఒప్పుకున్న పరిమితి అది.

డబ్బా మీది అంకెలు

తేలికైన బ్యాటరీల మార్కెట్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఒక చిన్న లిథియం బ్యాటరీ మీద "20 ఏహెచ్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పక్కన చిన్నక్షరాల్లో "లెడ్ ఈక్వివలెంట్" అనో, "పీబీ ఈక్యూ" అనో రాసి ఉంటుంది. 20 ఏహెచ్ సీసం బ్యాటరీ సెల్ఫ్ కొట్టినంత గట్టిగా ఇది కొడుతుందని దాని అర్థం. అంత చార్జి లోపల ఉందని కాదు.

అసలు సంగతి తెలుసుకోవడానికి పెట్టె మీద వాట్-అవర్ అంకె వెతకండి. లిథియం బ్యాటరీలను విమానాల్లో, ఓడల్లో రవాణా చేయడానికి ఉన్న అంతర్జాతీయ నిబంధనల వల్ల ఆ అంకె కేసు మీద ఉండి తీరాలి. దాన్ని 12.8తో భాగించండి. 96 వాట్-అవర్ అని ఉంటే 7.5 ఏహెచ్. "20 ఏహెచ్" అని అమ్మేది ఇదే. వాట్-అవర్ ఎక్కడా కనిపించని లిథియం బ్యాటరీని కొనకుండా వదిలేయడమే మంచిది.

రెండో అంకె సీసీఏ, అంటే చలిలో సెల్ఫ్ కొట్టే కరెంటు. అమెరికన్ ఎస్‌ఏఈ పద్ధతిలో మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్టుల కింద పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అది. యూరోపియన్ ఈఎన్ పద్ధతిలో ఉష్ణోగ్రత అదే, 10 సెకన్లు, 7.5 వోల్టులు. ఈ రెంటినే ఒకదానితో ఒకటి నేరుగా పోల్చకూడదు. వాటికి తోడు తేలికైన బ్యాటరీల మీద "పల్స్", "పీక్", "క్రాంకింగ్ ఆంప్స్" అంటూ ఇంకా పెద్ద అంకెలుంటాయి. అవి మూడు నుంచి అయిదు సెకన్లకు, అదీ మామూలు గది వేడిలో కొలిచినవి. పైన చెప్పిన పీసీ680 పేరులోనే 680 ఉంది, దాని సీసీఏ మాత్రం 170. అందులో మోసమేమీ లేదు, రెండూ వేర్వేరు పరీక్షలు. మోసపోయేది ఒకదాని పల్స్ అంకెను ఇంకోదాని సీసీఏతో పోల్చి చూసుకునేవాళ్లు.

వేడి ప్రాంతంలో ఉండేవాళ్లకు మైనస్ 18 లెక్క పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు. 170 సీసీఏ బ్యాటరీ మంచి ఎండలో రెండు లీటర్ల ఇంజిన్‌ను సునాయాసంగా తిప్పుతుంది. కంప్రెషన్ పెంచిన ఇంజిన్‌కో, పెద్ద వీ8కో, డీజిల్‌కో అయితే ఆ మాట చెప్పలేం.

నిలబడి ఉన్న కారు

తాళం వేసి వెళ్లిపోయాక కూడా కారు కరెంటు తాగుతూనే ఉంటుంది. అలారం, రిమోట్ రిసీవర్, గడియారం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) జ్ఞాపకాలు. ఇప్పటి కార్లలో అన్నీ సవ్యంగా ఉంటే ఇది 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు. 50 అనుకుంటే రోజుకు 1.2 ఏహెచ్.

60 ఏహెచ్ సీసం బ్యాటరీలో సగం వాడొచ్చనుకుంటే 25 రోజులు. 16 ఏహెచ్ ఏజీఎమ్ వారం తిరగకముందే సగానికి వస్తుంది. నిజమైన 20 ఏహెచ్ లిథియంలో అయిదో వంతు సెల్ఫ్ కోసం దాచుకుంటే పదమూడు రోజులు. "20 ఏహెచ్ ఈక్వివలెంట్" అని కొన్న ఆ 7.5 ఏహెచ్ బ్యాటరీకి అయిదు రోజులు. వారాంతాల్లో మాత్రమే బయటికి తీసే కారులో ఈ చివరిదాన్ని పెడితే ప్రతి శనివారం పొద్దున చార్జర్‌తోనే మొదలవుతుంది.

ట్రాక్ మీద కూడా ఇలాంటి ఖర్చు ఒకటుంది, ఎవరి లెక్కలోకీ రాదు. సెషన్ ముగించి పిట్‌లోకి వచ్చి ఇంజిన్ ఆపుతారు. కూలెంట్ వేడిగా ఉంటుంది కనుక ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. రెండు ఫ్యాన్లు కలిసి 30 ఆంపియర్లు లాగితే నాలుగు నిమిషాల్లో 2 ఏహెచ్. దాంతోపాటు ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌తో డేటా దింపుకుంటే ఇంకో ఒకటిన్నర. 60 ఏహెచ్ బ్యాటరీకి ఇది లెక్కలోకే రాదు. 7.5 ఏహెచ్ బ్యాటరీ దాదాపు సగం ఖాళీ. తర్వాతి సెషన్ పిలిచినప్పుడు వేడెక్కిన స్టార్టర్ మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది, సరిగ్గా అప్పుడే.

అన్ని ఎలక్ట్రానిక్స్ పీకేసి, మొత్తం కరెంటు తెంచేసే కిల్ స్విచ్ పెట్టిన పూర్తి రేస్ కారుకు ఈ బాధలేవీ లేవు. అక్కడ మూడు కిలోల లోపు లిథియం పెట్టుకున్నా నిక్షేపంగా నడుస్తుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకూ పెద్ద ఇబ్బంది ఉండదు, రోజూ చార్జవుతుంది కాబట్టి. ఇరుక్కునేది మధ్యలో ఉన్నవాళ్లే. రోడ్డు కారు ఎలక్ట్రానిక్స్ అన్నీ అలాగే ఉండి, నెలకు రెండుసార్లు బయటికి తీసే కారు. పెర్ఫార్మెన్స్ కార్లలో చాలావరకు ఈ కోవలోవే.

లిథియం కొనేవాళ్లు ఇక్కడ ఒక సౌకర్యం అడిగి తీసుకోవాలి. మంచి బ్యాటరీల్లో లోపల బీఎమ్‌ఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉంటుంది. చార్జి బాగా పడిపోతే అదే కనెక్షన్ తెంచేసి, కొంత మిగుల్చుకుంటుంది. బటన్ నొక్కితే ఆ మిగిలినదానితో ఒకటి రెండుసార్లు సెల్ఫ్ కొట్టుకోవచ్చు. ఈ కాపలా లేని చవక బ్యాటరీ సున్నాకు పడిపోతే లోపల రాగి కరిగి సెల్ శాశ్వతంగా పాడవుతుంది. దాన్ని తిరిగి చార్జ్ చేయడం ప్రమాదం కూడా.

చలి, వేడి, చార్జింగ్

చలిలో ఎల్‌ఎఫ్‌పీ వింతగా ప్రవర్తిస్తుంది. మొదటిసారి సెల్ఫ్ కొడితే మూలుగుతుంది, రెండోసారి కాస్త మెరుగు, మూడోసారి చటుక్కున అందుకుంటుంది. సీసం బ్యాటరీ దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్రతి ప్రయత్నానికీ నీరసపడుతుంది. లిథియంలో కరెంటు పారుతున్నకొద్దీ సెల్‌లు లోపలి నుంచి వేడెక్కి చురుకవుతాయి. అందుకే చలి పొద్దున ముందు హెడ్‌లైట్లు ఒకటి రెండు నిమిషాలు వెలిగించి, తర్వాత సెల్ఫ్ కొట్టమని తయారీదారులే చెబుతారు. ఇంతవరకు ఇబ్బందే గాని నష్టం లేదు. నష్టం చార్జింగ్‌లో ఉంది. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం ఎలక్ట్రోడ్ లోపలికి ఇంకకుండా దాని మీద లోహంగా పూత కడుతుంది. ఆ మేరకు కెపాసిటీ పోయినట్టే, తిరిగి రాదు.

వేడి విషయం క్లుప్తంగా చెప్పొచ్చు. ఏ రసాయనమైనా వేడికి త్వరగా ముసలిదవుతుంది. సీసం బ్యాటరీ ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజినీర్లు లెక్కేసుకుంటారు. ఎల్‌ఎఫ్‌పీకి 60 డిగ్రీలు దాటిన చోటు పనికిరాదు. బ్యాటరీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనో, టర్బో దగ్గరో ఉంటే ముందు దాని చోటు మార్చే సంగతి ఆలోచించాలి. డిక్కీలో ఉన్న కార్లు అదృష్టవంతమైనవి.

ఆల్టర్నేటర్ విషయం దీనికంటే చిక్కు. పాత కార్లలో అది ఎప్పుడూ 14 వోల్టులకు కాస్త అటూ ఇటుగా ఇస్తుంది, ఎల్‌ఎఫ్‌పీకి హాయి. ఇంధనం ఆదా చేయడానికి ఇప్పటి కార్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్లు వచ్చాయి. గేరు మీద వెళ్తున్నప్పుడు వోల్టేజీ తగ్గించేస్తాయి, బ్రేకు వేసినప్పుడో, కాలు తీసినప్పుడో 15 దాకా పెంచుతాయి. నెగటివ్ టెర్మినల్ మీద కూర్చున్న చిన్న సెన్సర్ బ్యాటరీ వోల్టేజీ, కరెంటు, ఉష్ణోగ్రత కొలిచి ఈసీయూకు చెబుతుంటుంది. ఆ సెన్సర్‌కు తెలిసిన భాష సీసానిది.

మల్టీమీటర్ పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. కారు ఆపి కొన్ని గంటలయ్యాక సీసం బ్యాటరీ 12.7, 12.8 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. అదే 12.8 ఎల్‌ఎఫ్‌పీ చూపిస్తే అడుగంటబోతున్నట్టు. నిండుగా ఉన్న ఎల్‌ఎఫ్‌పీ 13.3 దాటి చూపిస్తుంది. సీసం లెక్కలతో చూసే ఈసీయూకు ఖాళీ కాబోతున్న లిథియం కూడా నిండు బ్యాటరీలాగే కనిపిస్తుంది, చార్జింగ్ తగ్గిస్తుంది. పైగా ఆల్టర్నేటర్ 13 వోల్టులకు దిగినప్పుడల్లా అంతకంటే ఎక్కువ వోల్టేజీలో ఉన్న లిథియం కారు లోడ్లను తానే మోయడం మొదలుపెడుతుంది. గంటల తరబడి తిరిగి ఇంటికొచ్చినా బ్యాటరీ సగంలోనే ఉంటుంది. కొన్ని కార్లలో ఈసీయూకు బ్యాటరీ రకం, సైజు కోడింగ్ చేసి చెప్పొచ్చు. లిథియం అనే ఆప్షన్ అందులో ఉందో లేదో కొనకముందే కనుక్కోవాలి.

అటువైపు అంచూ ఉంది. చలిలో ఏజీఎమ్ కోసం ఆల్టర్నేటర్ 15 దాటి ఇవ్వొచ్చు. ఎల్‌ఎఫ్‌పీ బీఎమ్‌ఎస్ అది తట్టుకోలేక తలుపు మూసేస్తే, నడుస్తున్న ఆల్టర్నేటర్‌కు హఠాత్తుగా బ్యాటరీ లేకుండా పోతుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగుస్తుంది. ఆల్టర్నేటర్‌లోని రక్షణ డయోడ్లు దాన్ని సుమారు 35 దగ్గర పట్టి ఆపేలా డిజైన్ చేస్తారు. అవి లేని పాత కార్లలో, తర్వాత బిగించుకున్న ఈసీయూ గాని డేటా లాగర్ గాని ఉంటే, పోయేది బ్యాటరీ ఒక్కటే కాకపోవచ్చు. ఇంకో జాగ్రత్త: ఖాళీ అయిపోయిన లిథియం బ్యాటరీకి జంప్ ఇచ్చి స్టార్ట్ చేసి, మిగతాది ఆల్టర్నేటర్ చూసుకుంటుందని వదిలేయకూడదు. దాని అంతర్గత నిరోధం ఎంత తక్కువంటే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగేసి దాన్ని మాడుస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ చార్జర్‌తోనే నింపాలి. సీసం బ్యాటరీ చార్జర్ వాడక తప్పకపోతే సల్ఫేట్ వదలగొట్టే మోడ్ మాత్రం ఆన్ చేయొద్దు, అది 15 వోల్టులు దాటి కొడుతుంది.

తగ్గిన బరువు ఎక్కడ తగ్గింది?

1,400 కిలోల కారులో 12 కిలోలంటే 0.86 శాతం. 300 హార్స్‌పవర్ కారుకు పవర్-బరువు నిష్పత్తిలో రెండున్నర హార్స్‌పవర్ పెంచినట్టు. బాగుంది, కానీ సీట్లో కూర్చుంటే తెలియదు. తెలిసే అవకాశమున్నది బ్యాలెన్స్‌లో అంటారు. అదీ చూద్దాం. ముందు చక్రాల మీద 60 శాతం బరువున్న కారు, రెండున్నర మీటర్ల వీల్‌బేస్, బ్యాటరీ ముందు ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనక. 12 కిలోలు తగ్గిస్తే 60 కాస్తా 59.7 అవుతుంది. అదే పాత 18 కిలోల బ్యాటరీని అలాగే తీసి వెనక ఇరుసు మీదకు మారిస్తే 58.8. బ్యాలెన్సే కావాలనుకుంటే బ్యాటరీని జరపడం దాన్ని తేలిక చేయడం కంటే నాలుగు రెట్లు పనిచేస్తుంది. దానికి నాలుగు మీటర్ల లావు కేబుల్ కావాలి. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే అదే దాదాపు రెండు కిలోలు.

కొన్ని కార్లలో బ్యాటరీ బరువును కావాలనే పెట్టారు. ఇంజిన్ వెనక వేలాడే పోర్షే 911లో ముక్కు తేలికై హైస్పీడ్‌లో కారు నిలకడ తప్పుతోందని, 1969 మోడల్ నుంచి 1973 దాకా ఒక బ్యాటరీకి బదులు రెండు బ్యాటరీలు పెట్టారు, ముందు కుడి మూలన ఒకటి, ఎడమ మూలన ఒకటి. అలాంటి కారులో ముందున్న బ్యాటరీని తేలిక చేయడమంటే కంపెనీ వేసిన మందును తీసేయడమే. ముక్కు బరువుగా ఉండే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకు అదే పని రెండు విధాలా లాభం.

బిగించడం

పెద్ద ట్రేలో చిన్న బ్యాటరీ పెట్టి జిప్ టై బిగించిన కార్లు కనిపిస్తుంటాయి. ఎల్‌ఎఫ్‌పీకి షార్ట్ అయితే వందల ఆంపియర్లు క్షణంలో వదలగల శక్తి ఉంది. గుద్దుకున్నప్పుడు అది ఎగిరి పాజిటివ్ టెర్మినల్ బానెట్‌కు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీని అసలు చోటు నుంచి మార్చితే అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ ఎఫ్‌ఐఏ అపెండిక్స్ జె నిబంధనలు ఏమడుగుతాయో చూడండి: లోహపు పీఠం, ఇన్సులేషన్ ఉన్న రెండు లోహపు క్లాంపులు, కనీసం 10 మిల్లీమీటర్ల బోల్టులు, ఒక్కో బోల్టు కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమున్న ప్లేటు. రేసుల్లోకి వెళ్లకపోయినా అదే కొలత పాటించడం మేలు. వెళ్లేవాళ్లు మాత్రం తమ సిరీస్ రూల్‌బుక్‌లో లిథియంకు అనుమతి ఉందా అన్నది డబ్బు కట్టకముందే చదవాలి.

చిన్న బ్యాటరీల టెర్మినళ్లు చాలావాటికి స్క్రూ బోల్టులే. కారు క్లాంపు పట్టడానికి ఇత్తడి అడాప్టర్ వేస్తారు, వైబ్రేషన్‌కు వదులయ్యేది అదే. బిగించిన వారానికి ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

ఎంపికకు ముందు, తర్వాత కూడా పనికొచ్చే కొలతలు రెండున్నాయి. ఒకటి, ఇంధన పంపు ఫ్యూజు పీకేసి అయిదు సెకన్లు సెల్ఫ్ కొడుతూ మల్టీమీటర్‌లో కనిష్ఠ వోల్టేజీ చూడటం. 10 పైన నిలిస్తే నిశ్చింత, 9.6 కింద పడితే ఈసీయూ తడబడటం మొదలవుతుంది. చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, ట్రాక్ సెషన్ అయిన వెంటనే వేడి ఇంజిన్‌తో ఇంకోసారి చూడాలి. రెండోది, తాళం వేసి గంట ఆగాక క్లాంప్ మీటర్‌తో నిలబడి ఉన్న కారు లాగే కరెంటు. అంతసేపు ఎందుకంటే కొన్ని మాడ్యూళ్లు నిద్రపోవడానికి అరగంట పైనే తీసుకుంటాయి. అంత చిన్న కరెంటును సరిగ్గా చూపించే డీసీ క్లాంప్ మీటర్ కావాలి, మామూలువి ఈ పనికి రావు. ఆ అంకెను ఆంపియర్లలోకి మార్చి 24తో గుణిస్తే రోజు ఖర్చు, దాన్ని మీరు కారు వదిలేసే రోజులతో గుణిస్తే అన్నాళ్లలో ఖర్చయ్యే ఏహెచ్ వస్తుంది; సెల్ఫ్ కోసం దాచుకోవాల్సింది దానిపైన కలుపుకోవాలి. అంకె 80, 100 మిల్లీఆంపియర్లు వస్తే బ్యాటరీ మార్చే పని పక్కన పెట్టి, ముందు ఏ ఫ్యూజు వెనక కరెంటు పోతోందో వెతకాలి.